పసిబిడ్డలకు కాయకము కలదా?

వైశాఖ శుద్ధ తదియ బసవేశ్వరుని జయంతి. మన ప్రాంతమున ఆ పుణ్యదినము వచ్చునప్పటికి ఎండలు ముదురుచుండును. మార్చి నడుమ మొదలైన ఒంటిపూట బడులు ముగియుటయో, ముగియవచ్చుటయో జరుగును. ఏప్రిల్ చివరి వారము మొదలు జూన్ రెండవ వారము వరకు ఇల్లు పిల్లల పాలు. జయంతినాడు మనము వేదికలెక్కి కాయకమును గూర్చి ప్రసంగింతుము. కష్టపడి తినువాడే శివునికి దగ్గరివాడని చెప్పుదుము. మనమట్లు చెప్పుచుండగా పందిరి గుంజల చుట్టును పిల్లలు పరుగులిడుచుందురు. ఒక పెద్దాయన వారిని కసరును. వారొక నిమిషము నిలిచి మరల పరుగిడుదురు. కాయకము ఎల్లరకును విధింపబడినదని చెప్పుచున్నాము గదా, ఆ ఎల్లరలో ఈ పిల్లలు చేరుదురా, చేరరా? చేరుదురన్నచో వారి కాయకమేది? చేరరన్నచో వారిచేత మనము చేయించుకొను పనులకు పేరేమి?

గడచిన వేసవిలో మా ఇంట జరిగిన చిన్న సంగతి ఈ ప్రశ్నను నా యెదుట నిలిపినది. మాది హిందూపురము. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నున్న ఊరు కావున ధర్మవరముకంటె ఇచట ఎండ కొంత మెత్తన. నీటి విషయమున మాత్రము మేమదృష్టవంతులము కాము. సాలీనా సగటు వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు పాత అనంతపురము జిల్లాలో ఏ ఊరివారైనను బిందెలను చూచి దినములను లెక్కించుట కలవాటుపడినవారే. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును అందు చేరినవి. జిల్లా పేరు మారినది గాని వాన లెక్క మారలేదు.

ఆనాడు తెల్లవారుజామున మా వీధికి నీరు వచ్చినది. కోడలు బిందెలు నింపుచుండగా ఆరేండ్ల మా మనుమడు కండ్లు నులుముకొనుచు లేచివచ్చి, నిండిన బిందె నొకదానిని రెండు చేతుల నెత్తుకొనెను. నాలుగడుగులు నడచెను. ఐదవ యడుగున కడప తగిలెను. బిందె దొర్లి నీరంతయు వాకిటి పాలయ్యెను. నేను అరుగు మీదినుండి లేచి, "నిన్నెవడు ముట్టుకోమన్నాడురా?" అని గద్దించితిని. చేయి కూడ నెత్తితిని. వాడు ఏడ్వలేదు. తడిసిన చొక్కాతో అట్లే నిలిచి, నా వంక చూచి, "నువ్వే గదా తాతా, పని చేసేవాళ్లంటేనే దేవునికి ఇష్టమని రాత్రి చెప్పినావు" అనెను.

ఎత్తిన చేయి దిగినది. వాని మాటకు నా యొద్ద జవాబు లేకపోయెను. మరల నీరు వచ్చిన దినమున వాడు మేలుకొనియు మంచము దిగలేదు.

ఆ దినమంతయు నన్ను నేను ప్రశ్నించుకొంటిని. నేను కాపాడదలచినది నీటినా? నీటినే యైనచో, అంతకు ముందు వారమున నా చేతినుండి చెంబు జారినపుడు "పోనీలే, వయసు మీదపడినది" అని నన్ను నేనే క్షమించుకొంటిని గదా! ముదుసలి చేతి వణుకునకు లభించిన క్షమ పసివాని చేతి బలహీనతకు ఎందుకు లభింపలేదు? నిజము చెప్పవలెనన్న, వాడు చేసిన పని తప్పు కాదు. నా యనుమతి లేకుండ చేయుటయే తప్పుగా నాకు తోచినది. పని చేయుమని బోధించితిని, కాని నేను చెప్పిన పనిని, నేను చెప్పిన వేళ చేయుమనుటయే నా బోధలోని యర్థమని వాడెట్లెరుగును?

ఇచట కాయకమనగా నేమో కొంచెము విచారింపవలసియున్నది. కాయకమనగా కేవలము పని కాదు. పనియే కాయకమైనచో గానుగెద్దు మనకంటె గొప్ప శరణుడు కావలెను. 12వ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో నుండి బసవేశ్వరుడు నడపిన ఉద్యమమున బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, తాళ్ళు పేను నులియ చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య మొదలగువారు ఏ జంకును లేక సాటివారుగా నిలిచిరి. వారి పనులు వేరైనను వానియందు మూడు లక్షణములు సమానముగా నుండినవి. మొదటిది, ఆ పనిని వారు మనస్ఫూర్తిగా తమదిగా స్వీకరించిరి. రెండవది, అందు కపటము లేదు, అత్యాశ లేదు. మూడవది, దాని ఫలము తమ కడుపుతో నిలువక దాసోహముగా ఇతరులకు చేరినది.

ఈ మూడింటిని పసిబిడ్డకు అన్వయించి చూడుడు. ఆరేండ్లవాడు ఒక పనిని ఎరిగి స్వీకరింపగలడా? పెద్దలు మెచ్చుదురని చేయును, లేదా కొట్టుదురని చేయును. ఎంత చేసిన చాలునో ఎరుగునా? ఎరుగడు. ఫలముపై వానికి హక్కున్నదా? లేదు. లేని దానిని దాసోహము చేయుటెట్లు? కావున శరణులు చెప్పిన అర్థమున పసిబిడ్డకు కాయకము లేదనియే నాకు తోచుచున్నది. ఈ మాట కొందరకు కటువుగా నుండవచ్చును. కాని దీనిని కాదన్నచో వచ్చు కీడు ఇంకను పెద్దది. కాయకమను పవిత్రమైన పేరుతో మనము పిల్లలపై ఎంత బరువైనను మోపగలము. పేరు గొప్పదగుకొలది బరువు కనబడకపోవును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము మన ఇండ్లలో తెలియనివారు లేరు. నేలరాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడాయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, లక్కమ్మ మందలించి, ఎక్కువైన దానిని తిరిగి అచటనే విడిచి రమ్మని పంపెను. దీనిని మనము సాధారణముగా నిరాశకు ఉదాహరణముగా చెప్పుకొందుము. నాకు మాత్రము ఈ నడుమ ఇందు మరియొకటి కనబడుచున్నది. కాయకము చేయువాని ప్రక్కన "చాలు" అను మనిషి యొకరు ఉండవలెను. పెరిగినవాడు ఆ మాటను తనకు తానే చెప్పుకొనగలడు, లేదా లక్కమ్మ వంటి ఇల్లాలు చెప్పును. పసిబిడ్డ తనకు తాను చెప్పుకొనలేడు. వాని కొరకు చెప్పవలసినవారము మనమే. మనము చెప్పకపోయిన ఇంక చెప్పువారు లేరు.

హిందూపురమున రైలెక్కి ఉత్తరముగా పోయిన పెనుకొండయు, దానికావల ధర్మవరమును వచ్చును. ధర్మవరము పట్టుచీరకు పేరుగన్న ఊరు. ఆ మే నెలలో పని మీద అచటికి పోయి, నాకు చిరకాలముగా తెలిసిన నేతగాని ఇంట ఒక పూట కూర్చుంటిని. గుంటమగ్గములో కాళ్ళు దించి ఆయన నేయుచున్నాడు. గోడ ప్రక్కన పదేండ్ల కూతురు రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచున్నది. పడుగు ఎంత నిడుపుగా నున్నను పేకకు కండె లేనిదే మగ్గము సాగదు. కండె ఆలస్యమైన మగ్గము నిలుచును. మగ్గము నిలిచిన చీర దిగదు. చీర దిగక కూలి రాదు. బడి యున్న దినములలో తల్లి వంటపని నడుమ కండెలు చుట్టును. సెలవులు రాగానే మరి రెండు చేతులు దొరికినవి.

నా చూపును కనిపెట్టి ఆయనయే అనెను: "మా నాయన నన్ను ఏడేండ్లకే మగ్గం గుంటలో కూర్చోబెట్టినాడు సార్. ఆ పని రాకపోతే ఈ పొద్దు నా కడుపెట్ల నిండేది?" లోపలినుండి ఆయన భార్య, "నాలుగో తరగతిలో బడి మానిన సంగతి కూడా చెప్పు మరి" అనెను. ఆయన నవ్వెను. ఆ నవ్వు త్వరగా ఆగినది. పండ్రెండేండ్ల కొడుకేడని నేనడుగగా, ఆటకు పోయినాడనిరి. నేనా పిల్ల దగ్గర కూర్చుండి, "ఎన్ని చుట్టినావమ్మా?" అంటిని. "లెక్క పెట్టలేదు తాతా. నాయన చాలన్నప్పుడు లేస్తా" అని, తల యెత్తకయే చెప్పినది.

ఆ తండ్రిని నిందించుట నా ఉద్దేశము కాదు. అతడు బిడ్డను ప్రేమింపనివాడు కాడు. కులవిద్య చేతనుండిన ఆకలి దరిచేరదని అనుభవముతో నమ్మినవాడు. ఆ నమ్మకమున కొంత సత్యమున్నది. పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్చిన విద్య పుస్తకమున దొరకదు. కాని నేర్చుకొనుట వేరు, లోటు పూడ్చుట వేరు. ఆ పిల్ల కండె చుట్టుట ఎప్పుడో నేర్చినది. నేర్చిన దానినే దినమంతయు చేయుచున్నది. అది విద్య కాదు, కూలి. పేరు లేని కూలి. ఇంటికి కూలిమనిషిని పెట్టుకొను శక్తి లేనందున ఆ లోటును ఒక బిడ్డ వేసవితో పూడ్చుచున్నారు. ఆ ఇద్దరు బిడ్డలలో కొడుకునకు సెలవు దొరికినది, కూతురునకు దొరకలేదు. స్త్రీ పురుష భేదమును పాటింపని శరణుల పేరు చెప్పుకొను మన ఇండ్లలోను ఇట్లే జరుగుచున్నది. ఆడుబిడ్డ ఉయ్యాల నూపుట, చీపురు పట్టుట, హిందూపురము వీధులలో తల్లి ప్రక్కన కూర్చుండి చింతపండు గింజ తీయుట, ఇవి యేవియు పనులుగా లెక్కకు రావు. "అమ్మకు సాయము" అను ముద్దుపేరుతో చెల్లిపోవును.

ఇంకొక మాట. ఆ చీర కట్టువారెవరు? మన ఇంటి పెండ్లిండ్లలో మనవారే కట్టుదురు. అంగడిలో కూర్చుండి అయిదు వందలు తగ్గింపుమని మనము పట్టుపట్టినపుడు ఆ తగ్గింపు ఎచట నుండి వచ్చును? అంగడివాని లాభమునుండి కొంత రావచ్చును. కొంత మగ్గపు గుంట వరకు దిగును. అచటినుండి రాట్నము దగ్గరకు పోవును. తండ్రి "చాలు" అనలేకపోవుటలో మన బేరమునకును పాలున్నది.

తిరుగు దారిలో పెనుకొండ దిగితిని. 1565 తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన ఊరది. కోటగోడలు, గగనమహలు నేటికిని నిలిచియున్నవి. కొండ దాపున నేడు పరిశ్రమలు వెలసినవి. 2019 నుండి ఆ చెంత కార్లు తయారగుచున్నవి. పగలు రాత్రి వంతుల లెక్కన నడచు పనులు ఎక్కువైనవి. మా దగ్గరి బంధువొకడు అట్టి రాత్రివంతు ఉద్యోగములో నున్నాడు. ఉదయము ఎనిమిది గంటలకు ఇల్లు చేరి, ఇంత సంకటి తిని, ఉన్న ఒక్క గదిలో పంకా క్రింద పండుకొనును. అతనికి అయిదేండ్ల కొడుకు, మూడేండ్ల కూతురు. బడి యున్నపుడు పిల్లవాడు పూట బయట గడపెడివాడు. ఇప్పుడు ఇద్దరును ఇంటనే.

పదిగంటల వరకు వారు వీధిలోని వేపచెట్టు నీడను ఆడుకొందురు. అటుపై ఎండ వారిని లోనికి తరుమును. అప్పటినుండి మూడు గంటల వరకు ఆ యింట మాట లేదు. తల్లి పెదవులపై వ్రేలుంచుకొనియే వంట చేయును. నేను పోవునప్పటికి ఆ పిల్లలిద్దరు గోడవారగా కూర్చుండి, శబ్దము పూర్తిగా తగ్గించిన సెల్ ఫోనులో బొమ్మలు చూచుచున్నారు. నవ్వు వచ్చినపుడు చేతితో నోరు మూసికొనుచున్నారు. మూడేండ్ల పిల్ల అట్లు నోరు మూసికొనుట చూచి నా మనస్సు చివుక్కుమన్నది.

ఇచట ఎవ్వరును బిడ్డచేత పని చేయించుటలేదు. ఏ చట్టమును ఇచట ఉల్లంఘింపబడలేదు. అయినను ఆ యింటి బరువులో కొంత ఆ పిల్లలు మోయుచున్నారు. తండ్రి రాత్రి మేలుకొని సంపాదించుచున్నాడు. వారు పగలు మౌనముగా నుండి అతని నిద్రను కాపాడుచున్నారు. ఆ నిద్ర లేకున్న ఆ సంపాదన లేదు. మరి తల్లి? బడికి సెలవు రాగానే ఆమె పని రెట్టింపైనది. పొయ్యి ఎదుట ఎండ, బయట ఎండ, నడుమ ఇద్దరు పిల్లలను నిశ్శబ్దముగా నుంచు పని. సెలవనునది ఇంటిలో ఒక్కరికి వచ్చిన మరియొకరికి పోవును. ఇంటి పనికి కాయకమను గౌరవమిచ్చితిమి గాని దానికి "చాలు" అను గడియను మాత్రము ఏర్పరుపలేదు.

ఆ బంధువునకు నేను చెప్పినదొక్కటియే. ఉద్యోగము మానుమని చెప్పలేదు, చెప్పుటకు నేనెవడను? "మూడు గంటలకు లేచినపుడు ఫోను నీవు తీసికొనవద్దు. అరగంట పిల్లల దగ్గర కూర్చుండుము. వారు అయిదు గంటలసేపు నీకొరకు నోరు మూసికొనిరి. అది నీకు ఋణము" అంటిని. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "వాళ్లు అల్లరి చెయ్యరని అందరికీ గొప్పగా చెప్పుకుంటుంటిని మామా" అనెను.

పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచించిన బసవపురాణమున గొడగూచి కథ యున్నది. తండ్రి నిత్యము శివునకు పాలు నివేదించువాడు. ఊరికి పోవుచు ఆ పనిని చిన్నకూతురున కప్పగించెను. నివేదన యనగా పాత్రను లింగము ముందుంచి తిరిగి తెచ్చుకొనుటయని పెద్దలకు తెలియును. పాప కది తెలియదు. శివుడు నిజముగా త్రాగవలెనని నమ్మినది. త్రాగకపోగా తనవలన ఏదో తప్పు జరిగినదని భయపడి ఏడ్చినది, ప్రాణము విడుచుటకును సిద్ధపడినది. శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి ఆ మాటను నమ్మలేదు.

ఈ కథను మనము ముగ్ధభక్తికి నిదర్శనముగా పిల్లలకు చెప్పుదుము. నా మనవి యేమనగా, దీనిని ఒకసారి పెద్దలకు కూడ చెప్పవలెను. పెద్దలు అలవాటుగా అప్పగించిన పనిని బిడ్డ తన ప్రాణముతో సమానముగా గ్రహించును. మనకది పాలగిన్నె, బిడ్డకది లోకము. తప్పు జరిగిన అది తనవల్లనే యని బిడ్డ అనుకొనును. శివుడు కరుణించెను గాన ఆ కథ శుభముగా నడచినది. మన ఇండ్లలో పాలు ఒలికినపుడు, నీరు తొణికినపుడు, దారము తెగినపుడు కరుణింపవలసిన స్థానమున నున్నది మనము. ఆ స్థానమున నిలిచి నేను చేయి యెత్తితిని.

అదే పురాణమున బాలబసవని వృత్తాంతమును గలదు. ఉపనయన సమయమున ఆ బాలుడు తండ్రియగు మాదిరాజును ఎదిరించి ప్రశ్నించి, జందెమును నిరాకరించెను. మన సంప్రదాయమునకు మూలముననే ఒక పసివాని ప్రశ్న యున్నది. ఆ ప్రశ్నను పూజించు మనము మన ఇంటి పసివాడు "నువ్వే గదా తాతా చెప్పినావు" అన్నచో ఎదురు చెప్పుచున్నాడని కోపింతుము. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి బాలుని పటమునకు పూలమాల వేయుట సులభము. ఎదుటనున్న బాలునికి జవాబు చెప్పుట కష్టము.

చట్టమేమి చెప్పుచున్నదో కూడ చూతము. బాలకార్మిక నిషేధమునకు సంబంధించి 1986లో చేసిన చట్టమును 2016లో సవరించిరి. 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనియందును నియమింపరాదని ఆ సవరణ శాసించినది. అయితే అపాయకరములు కాని కుటుంబపు పనులలో బడి వేళల తరువాతను, సెలవులలోను తలిదండ్రులకు సాయపడవచ్చునని వెసులుబాటు నిచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసినది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో, విశ్రాంతియు ఆటయు బిడ్డ హక్కులని 31వ అధికరణము చెప్పుచున్నది. 1992లో భారతదేశము ఆ ఒడంబడికలో చేరినది.

చట్టము సెలవులలో సాయమను తలుపును తెరచియుంచినది. సాయము ఎచట ముగిసి చాకిరి ఎచట మొదలగునో చూచుటకు ప్రతి ఇంటి రాట్నము చెంతకు అధికారి రాలేడు. ఆ తలుపు దగ్గర కావలి యుండవలసినది ఇంటివారి ధర్మబుద్ధియే. ధర్మశాస్త్రము అవసరమగునది కూడ ఇచటనే.

దీనికి పెద్దలు రెండు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది: "మేము చిన్ననాట ఎన్ని పనులు చేయలేదు? చెడిపోయితిమా?" చెడిపోలేదు, నిజమే. కాని చెడిపోనివారము మాత్రమే ఇప్పుడు మాటాడుచున్నాము. నాలుగవ తరగతిలో బడి మాని, తరువాత ఏమి కాగలిగెడివారో తమకును తెలియనివారు ఈ చర్చకు రారు. రెండవది: "పని చెప్పకున్న దినమంతయు సెల్ ఫోను పట్టుకొని కూర్చుందురు." ఇదియు నిజమే. కాని దానికి విరుగుడు చాకిరి కాదు, మన సాంగత్యము. మన ప్రక్కన కూర్చుండి బఠాణీలొలుచు పిల్ల ఫోను నడుగదు. "పోయి ఒలుచుము" అని ఒంటరిగా పంపిన పిల్ల తప్పక అడుగును. పిల్లలకు పని రుచించుటలేదనుట పొరపాటు. వారికి మనతో కలిసి చేయు పని రుచించును, మనకు బదులు చేయు పని రుచింపదు.

ఆటయే పిల్లల కాయకమని కొందరు చెప్పుదురు. ఆ మాట వినుట కింపుగా నున్నది గాని నేనంగీకరింపను. ఆటకు కాయకమను పేరు పెట్టిన మరునాడే మనము దానికిని లెక్కలడుగుదుము. ఏమి నేర్చినావు, ఎంత ముందున్నావు, ప్రక్కింటివాడు నిన్ను మించెనా యని విచారింతుము. వేసవి శిక్షణల పేరుతో పట్టణములలో జరుగుచున్నదదియే. ఆటను ఆటగా విడిచిపెట్టుడు. దేనికిని పనికిరాని పొద్దు కొంత బిడ్డకుండవలెను.

మరి పిల్లలకు పనియే చెప్పరాదా? అట్లు కాదు. పని చెప్పకుండుట కూడ ఒక అనాదరమే. నీవు ఈ ఇంటివాడవు, నీవులేక ఈ పనికి వెలితి యని తెలిసినపుడు బిడ్డ ముఖమున వచ్చు వెలుగు మనమెరుగనిది కాదు. కాని చెప్పుటకు ముందు ఇంటివారు తమ్ముతాము నాలుగు ప్రశ్నలడుగుకొనవలెను. ఒకటి, "చాలు" అనుటకు మనలో ఎవరైన ప్రక్కన నున్నారా? రెండు, బిడ్డ ఆ పనిని చెడగొట్టినను ఇల్లు నవ్వి ఊరకుండగలదా? చెడిన ఇంటికి తిండి లేదన్నచో అది బిడ్డకు చెప్పదగిన పని కాదు. మూడు, కొడుకునకును కూతురునకును అదే పని, అదే సెలవు కలదా? నాలుగు, పని ముగిసిన తరువాత ఆటకు పొద్దు మిగిలినదా? ఈ నాలుగింటికిని అవునని చెప్పగలిగిన అది సాయము. ఒక్కదానికి తడబడినను అచట నిలిచి ఆలోచింపవలసినదే.

కావున నా నిర్ణయమిది. పసిబిడ్డకు కాయకము లేదు. మన కాయకములో పాలు పంచుకొను ముచ్చట మాత్రమున్నది. బిడ్డను పెంచుట మన కాయకము. అందు సత్యశుద్ధి యనగా బిడ్డ శ్రమను మన శ్రమగా లెక్క వ్రాసికొనకుండుట. అందు దాసోహమనగా మన పొద్దులో కొంత వారికి సమర్పించుట.

మఠములవారికి ఒక విన్నపము. వేసవి దినములలో దాసోహమునకు పిల్లలు వడ్డనకు వత్తురు. ఉత్సాహముగా నీళ్ళు పోయుదురు, విస్తళ్ళు వేయుదురు. పెద్దల పంక్తులు ముగియువరకు వారిని నిలుపక, మొదటి పంక్తిలోనే వారిని కూర్చుండబెట్టి పెద్దలు వడ్డింపవలెను. ఎండ ముదురకముందే ఇండ్లకు పంపవలెను. జయంతి సభలో వారు పరుగులిడిన కసరవలదు. మన ప్రసంగములకంటె ఆ పరుగు శివునికి దగ్గరిదై యుండవచ్చును.

మా మనుమని సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. ధర్మవరమునుండి వచ్చిన నాటి రాత్రి వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "ఆ పొద్దు తప్పు నాదిరా" అంటిని. వాడు కొంచెము ఆలోచించి, "అయితే నాకు చిన్న బిందె కొనిస్తావా?" అనెను. మరునాడే సంతలో రెండు సేర్ల నీరు పట్టు చిన్న బిందె నొకదానిని కొంటిని. నీరు వచ్చిన దినమున వాడు దానితో మూడుసార్లు తిరిగెను. నాలుగవసారి పోబోవగా, వాని తల్లి కొళాయి దగ్గరనుండి, "చాలు నాయనా, పోయి ఆడుకో" అనెను. వాడు బిందెను అచటనే విడిచి వీధిలోనికి పరుగెత్తెను. వాకిట కొంత నీరు ఒలికియే యున్నది. దానిని నేను తుడిచితిని.

శరణు శరణార్థి.